పాత్రమెరిగి మందు

పాత్రమెరిగి దానం, క్షేత్రమెరిగి విత్తనం అన్నారు పెద్దలు. దానం సంగతి దాతలు చూసుకుంటారు, విత్తనం సంగతి రైతులు చూసుకుంటారు. వంటింటి సంగతి మాత్రం మనదే. ఏ పదార్థం ఏ పాత్రలో ఉండాలో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. చింతపండు పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టం. పెరుగు రాగి చెంబులో తోడెయ్యం. ఏడాది పొడుగునా నిలవుండాల్సిన ఆవకాయని పెద్ద జాడీకెత్తి, వాసెన కట్టి, అటక మీదో అలమార మూలో దాచి, వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకుని వాడుకుంటాం. తడి గరిటె పట్టుకుని ఎవరైనా పెద్ద జాడీ దగ్గరికి వెళితే ఇల్లెగిరిపోయేలా కేక పెడతాం. ఎందుకమ్మా అంత కోపం అంటే, "బూజు పడుతుంది" అంటాం. అంతే. ఆ ఒక్క ముక్కలో మనకి శాస్త్రమంతా ఇమిడిపోయింది.

ఇదే ముక్క వైద్య ప్రపంచానికి పూర్తిగా ఒంటబట్టడానికి దాదాపు నూరేళ్ళు పట్టిందంటే నమ్ముతారా? అదీ పుస్తకాలు చదివి వచ్చిన జ్ఞానం కాదు. ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నది. నేను చెప్పబోయేది ఇంజెక్షన్ మందు ఉండే ఆ బొటనవేలంత గాజుబుడ్డి కథ. మందుల షాపులో దాన్ని చేతికిస్తే మనం ధర చూస్తాం, తారీఖు చూస్తాం, సంచిలో వేసుకుంటాం. బుడ్డిని ఎవరు చూస్తారు? కానీ చరిత్ర తిరగేస్తే, మందు ఎంత గొప్పదైనా దాన్ని నిలబెట్టిందీ, నిలువునా ముంచిందీ ఆ బుడ్డీ, దాని మూతీనే అనిపిస్తుంది నాకు.

అసలు సూదిమందుకి ఇంత మడి ఎందుకూ అంటారేమో. నోటితో మింగే మందు వీధి గుమ్మంలోంచి వచ్చే చుట్టం లాంటిది. గడప దగ్గర కాళ్ళు కడుక్కోవాలి, వసారాలో కూచోవాలి, ఇంట్లో వాళ్ళు ఎగాదిగా చూశాక గానీ లోపలికి రానివ్వరు. మన కడుపులో ఉండే ఆమ్లం ఆ పనే చేస్తుంది. వెంట వచ్చిన సూక్ష్మజీవుల్ని చాలామటుకు అక్కడే మట్టుబెడుతుంది. సూదిమందు అలా కాదు. గోడ దూకి తిన్నగా పడగ్గదిలోకి వచ్చేస్తుంది. దానితో పాటు ఇంకెవరైనా దూకారో, అడ్డుకునే నాథుడు లేడు. కాబట్టి దూకేవాడి సంచీ ముందే సోదా చెయ్యాలి.

1853లో స్కాట్లండులో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులో షార్ల్ ప్రవాజ్ ఎవరికి వారు సిరంజి తయారు చేసినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. అప్పటికి సూక్ష్మజీవుల మాటే లోకానికి సరిగ్గా తెలియదు. నొప్పి తగ్గించే మార్ఫీన్ ద్రావకాన్ని మామూలు సీసాలో పోసి, బిరడా బిగించి బల్ల మీద పెట్టుకునేవారు. రోగి వచ్చినప్పుడల్లా బిరడా తియ్యడం, కావలసినంత తోడుకోవడం, మళ్ళీ బిగించడం. నాలుగు రోజులకి ద్రావకంలో బూజు తేలేది. మన ఆవకాయకి జరిగేదే దానికీ జరిగింది. ఆశ్చర్యమేముంది?

తరవాత 1860ల్లో లూయీ పాశ్చర్ హంసమెడ లాంటి మూతి ఉన్న గాజు కూజాలతో పరీక్షలు చేసి, కుళ్ళు అనేది పదార్థంలోంచి పుట్టదనీ, బైటనించి సూక్ష్మజీవులు వచ్చి పడితేనే పుడుతుందనీ రుజువు చేశాడు. ఆయన శిష్యుడు షార్ల్ షాంబర్లాన్ 1879లో ఆవిరి ఒత్తిడితో సామాన్లని శుద్ధి చేసే ఆటోక్లేవ్ కట్టాడు. పేరు చూసి జడుసుకోకండి. అది మన ప్రెషర్ కుక్కరుకి పెద్దక్కయ్య. మామూలు నీళ్ళు మరిగే 100 డిగ్రీల దగ్గర చావని మొండి సూక్ష్మజీవులు, ఒత్తిడిలో 121 డిగ్రీల ఆవిరి తగిలితే చస్తాయి.

సరే, పాత్రనీ మందునీ శుద్ధి చేశారు. శుద్ధి చేసింది శుద్ధిగా ఉండేదెట్లా? దీనికి 1886లో పారిస్‌లో స్టానిస్లాస్ లిమూజాన్ అనే మందుల దుకాణదారు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్క మోతాదు మాత్రమే పట్టే చిన్న గాజుబుడ్డి చేసి, మందు పోశాక దాని మెడని మంటలో కరిగించి గాజుతోనే మూసేశాడు. ఇక బిరడా లేదు, సందు లేదు. తెరవాలంటే మెడ విరవాల్సిందే. విరిచాక మళ్ళీ మూసే ప్రసక్తే లేదు. అదే ఆంప్యూల్. మా చిన్నప్పుడు వీధి చివర డిస్పెన్సరీలో స్పిరిట్ దీపం మీద గాజు సిరంజి కుతకుతా ఉడుకుతూ ఉంటే, కంపౌండరు గారు చిన్న ఆకురాయి బిళ్ళతో బుడ్డి మెడ మీద గీరి టక్కున విరిచేవారు. ఆ చప్పుడికే మేము ఏడుపు లంకించుకునేవాళ్ళం. ఆ టక్కుమనే చప్పుడు, ఈ మందుని నీకంటే ముందు ఎవరూ ముట్టలేదు సుమా అని ఇచ్చే హామీ అని అప్పుడెవరికి తెలుసు?

గాజు విషయంలోనూ మర్మం ఉంది. గాజంటే గాజే కదా అనుకుంటాం. కాదు. మామూలు సీసాగాజులో సోడా ఉంటుంది. నీళ్ళలాంటి మందు అందులో నెలల తరబడి నిలవుంటే, గాజులోంచి క్షారం కొద్దికొద్దిగా దిగి మందుని పాడుచేస్తుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కిలమెక్కినట్టే అనుకోండి. జర్మనీలోని యెనా నగరంలో ఆటో షాట్ అనే ఆయన గాజు తయారీలో బోరాన్ చేర్చి, 1893 నాటికి బోరోసిలికేట్ గాజుని పట్టుకొచ్చాడు. బోరాన్ అంటే దూరపు చుట్టమేమీ కాదు. బంగారప్పనివాళ్ళు వాడే వెలిగారంలో ఉండేది అదే. ఈ గాజు వేడికి పగలదు, మందులోకి దిగదు. ఈనాటికీ ఇంజెక్షన్ బుడ్డీల్లో మొదటి తరగతి అంటే ఈ గాజే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ కథ కన్నీళ్ళ కథ అవుతుంది.

1896లో బొంబాయిలో ప్లేగు పడింది. ఒడెస్సాలో పుట్టి, పారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేసి మన దేశం వచ్చిన వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త మూడు నెలలు రాత్రనక పగలనక పనిచేసి ప్లేగుకి టీకా తయారు చేశాడు. 1897 జనవరి 10న మొదటి సూది తనకే పొడిపించుకున్నాడు. ఆ తరవాత లక్షల మందికి ఆ టీకా వేశారు. 1902 చివరికి పంజాబులో ప్లేగు విజృంభించింది. బొంబాయి నించి సీసాలు బండ్ల మీద బండ్లు వెళుతున్నాయి.

1902 అక్టోబరు 30న మల్కోవాల్ అనే ఊళ్ళో, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది, 107 మందికి టీకాలు వేశారు. అయిదు సీసాలు విప్పారు. నాలుగు సీసాల మందు పుచ్చుకున్న వాళ్ళందరూ క్షేమం. అయిదో సీసా మీద 53 ఎన్ అని రాసి ఉంది. ఆ సీసాలోంచి 19 మందికి వేశారు. వారం తిరిగేసరికి ఆ 19 మందికీ దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. ఒక్కరూ దక్కలేదు.

ప్లేగు రాకూడదని చెయ్యి చాపిన వాళ్ళు! చెయ్యి చాపమని ఇంట్లో వాళ్ళని బతిమాలి పంపిన తల్లులూ భార్యలూ ఉండే ఉంటారు. తరవాత వాళ్ళ బతుకంతా ఏమనుకుని ఉంటారో ఏ కమిషన్ నివేదికలోనూ రాయరు.

కమిషన్ మాత్రం వేశారు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ దానికి అధ్యక్షుడు. సీసా విప్పక ముందే, అంటే బొంబాయి ప్రయోగశాలలోనే, మందులో విషక్రిమి చేరిందని తేల్చారు. మందు వేగంగా తయారు కావాలని హాఫ్‌కిన్ పద్ధతిలో కొన్ని మార్పులు చేశాడు. అంతకుముందు కలిపే కార్బాలిక్ ఆమ్లం మానేశాడు. అదే ఆయన నేరమయింది. ఉద్యోగం నించి తప్పించారు. ఆరేళ్ళు మన దేశంలో ప్లేగుతో పోరాడిన మనిషి, హంతకుడన్నంత అపకీర్తి మూటగట్టుకుని ఓడెక్కాడు.

కానీ సీసా మూతి వేరే కథ చెప్పింది. ఆ రోజు బిరడా లాగే ముందు, సహాయకుడి చేతిలోంచి చిన్న పటకారు జారి నేల మీద పడింది. దాన్ని సరిగ్గా శుద్ధి చెయ్యకుండానే, దానితోనే 53 ఎన్ బిరడా లాగారు. ధనుర్వాతపు క్రిమి ఉండేదే మట్టిలో. ఇంకొక సాక్ష్యం ముక్కు చెప్పింది. ఆ క్రిమి సీసాలో ఎన్నో రోజుల నించి పెరుగుతూ ఉంటే మూత తియ్యగానే కుళ్ళు వాసన గుప్పుమనాలి. టీకా వేసిన డాక్టరు వాసనేమీ లేదని చెప్పాడు. అంటే బొంబాయిలో బయల్దేరినప్పుడు మందు నిర్దోషి. మల్కోవాల్‌లో మూత తీసిన క్షణంలోనే దోషం పట్టింది. మన భాషలో చెప్పాలంటే, ఆవకాయ కలిపిన చేతిది కాదు తప్పు, గరిటెది.

ఈ మాట లోకానికి గట్టిగా చెప్పిన వాళ్ళలో ముఖ్యుడు ఎవరో తెలుసా? మన సికింద్రాబాదు వాళ్ళకి బాగా తెలిసిన మనిషే. 1897 ఆగస్టు 20న ఇక్కడే దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టుకున్న రోనాల్డ్ రాస్. అప్పటికి నోబెల్ బహుమతి కూడా పొందిన రాస్, 1907లో లండన్ టైమ్స్ పత్రికలో హాఫ్‌కిన్ తరఫున పదే పదే ఉత్తరాలు రాశాడు. తోటి శాస్త్రవేత్తల్ని కూడగట్టాడు. చివరికి ఆ ఏడే ప్రభుత్వం దిగొచ్చింది. హాఫ్‌కిన్ నిర్దోషి అన్నారు. తిరిగి కలకత్తాలో ఉద్యోగమిచ్చారు. కానీ బొంబాయిలో తాను కట్టిన ప్రయోగశాల మాత్రం ఆయనకి తిరిగి దక్కలేదు. 1914లో పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు. 1925లో ఆ ప్రయోగశాలకే హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టారు. గౌరవం వచ్చింది గానీ, పోయిన అయిదేళ్ళు ఎవరిస్తారు చెప్పండి?

బిరడా అనేది పనికిరాదని ఇలా తేలింది. మరి అందరికీ ఆంప్యూలే వాడచ్చుగా అంటే, ఊరంతటికీ టీకా వెయ్యాలన్నప్పుడు మనిషికొక బుడ్డి అంటే ఖర్చు. 1922లో ఇన్సులిన్ వచ్చింది. చక్కెర జబ్బు మనిషి రోజూ పొడుచుకోవాలి, రోజుకొక బుడ్డి విరిస్తే ఎలా? అందుకని రబ్బరు మూత సీసా వాడకంలోకి వచ్చింది. అదే మనం వయల్ అంటున్నది. మూత తియ్యనక్కర్లేదు. సూది రబ్బరులోంచి దిగుతుంది, సూది లాగగానే రబ్బరు తనంతట తానే మూసుకుంటుంది. అబ్బ, ఎంత తెలివి! పెద్ద జాడీకి కూడా ఇలాంటి మూత ఉంటే మన అరుపులు సగం తగ్గేవి.

కానీ ఆ తెలివిలోనూ ఒక చిల్లు మిగిలింది. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలో బండబర్గ్ అనే ఊళ్ళో పిల్లలకి కంఠసర్పి రాకుండా మందు వేశారు. రబ్బరు మూత సీసానే. కొన్నాళ్ళుగా అందులోంచే తోడి కొందరికి వేశారు, ఏమీ కాలేదు. మధ్య రోజుల్లో ఆ సీసా అలమారలో ఉంది. అక్కడ జనవరి అంటే మండు వేసవి. మందులో సూక్ష్మజీవుల్ని ఆపే క్రిమినాశిని లేదు. అంతకుముందు దిగిన ఏ సూది వెంటో లోపలికి వెళ్ళిన క్రిములు హాయిగా కాపురం పెట్టి పిల్లా పాపలతో వర్ధిల్లాయి. జనవరి 27న అదే సీసాలోంచి 21 మంది పిల్లలకి వేశారు. 12 మంది చనిపోయారు. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు పోయారు.

చార్లెస్ కెల్లవే అధ్యక్షతన విచారణ జరిగింది. తరవాతి రోజుల్లో నోబెల్ బహుమతి అందుకున్న మెక్‌ఫార్లేన్ బర్నెట్ ఆ సీసాలోని క్రిముల్ని పరీక్షించిన వాళ్ళలో ఉన్నాడు. తేల్చిన మాట సూటిగా ఉంది. క్రిములు పెరగడానికి వీలున్న మందుని, తగినంత క్రిమినాశిని కలపకుండా, పదే పదే తోడుకునే సీసాలో ఇవ్వనే కూడదు. చిన్న జాడీ అయితే చిన్న జాడీ, పెద్ద జాడీ అయితే అందులో ఉప్పూ నూనే సరిపడా ఉండాలి. మధ్యేమార్గం లేదు. ఈ ఒక్క వాక్యం వెనక 12 మంది పిల్లలున్నారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. పాత్ర మంచిది, మూత మంచిది, పైకి అన్నీ సవ్యం. అయినా మోసం జరగచ్చు. 1972లో ఇంగ్లండులో డెవన్‌పోర్ట్ ఆస్పత్రిలో రోగులకి ఎక్కించిన గ్లూకోజు సీసాల్లో క్రిములున్నాయని బైటపడింది. అయిదుగురి మరణాలకి వాటితో సంబంధం ఉండచ్చన్నారు. ఏం జరిగింది? సీసాల్ని శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో నీళ్ళు పోయే దారి మూసుకుపోయి, అడుగున గాలి చిక్కుకుపోయింది. పై వరస సీసాలకి వేడి తగిలింది, అడుగు వరస వాటికి తగల్లేదు. ఇడ్లీ పాత్రలో పై రేకు ఉడికి కింది రేకు పిండిపిండిగా మిగిలినట్టు. వేడి ఎక్కడం లేదని కొలత గీసే ముల్లు చెబుతూనే ఉంది. ముల్లే చెడిపోయిందనుకున్నారు. పరీక్షకి తీసిన సీసాలు బాగానే ఉన్నాయి కదా అని మొత్తం పంపేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలునని మనకో నమ్మకం. శుద్ధి విషయంలో ఆ సామెత చెల్లదు. నాలుగు సీసాలు పరీక్షించి నాలుగు వేలకి భరోసా ఇవ్వలేరు. ప్రతి మెట్టులోనూ శుద్ధి జరిగిందని చూసుకోవాల్సిందే.

ఈ పాఠాలన్నీ కలిసి ఇవాళ్టి బుడ్డీ అయింది. వెలిగారపు గాజు, రబ్బరు మూత, దాని చుట్టూ అల్యూమినియం కట్టు, పైన రంగు బిళ్ళ. వెలుతురు పడని మందులకి తేనెరంగు గాజు. 1996 నించి పోలియో చుక్కల బుడ్డీల మీద ఒక చిన్న గుండ్రం, అందులో తెల్లటి చదరం కూడా వచ్చింది. బుడ్డికి వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. గుండ్రంతో సమానంగా నల్లబడితే ఆ మందు పనికిరాదు. చదువు రాకపోయినా చదవగలిగే అక్షరం అది. అంతకంటే గొప్ప రాత నేను చూడలేదు.

2021లో కోవిడ్ టీకాల నాడు పెద్ద జాడీ, చిన్న జాడీ తగువు మళ్ళీ వచ్చింది. కోవిషీల్డ్ బుడ్డిలో పదిమందికి సరిపడా మందు. ఒకసారి సూది దిగితే గంటల్లో వాడెయ్యాలి. పదిమంది పోగవకపోతే మిగిలింది వృథా. కేరళ నర్సులు ఏం చేశారంటే, బుడ్డిలో తరుగుకని పోసే ఆ కాస్త అదనపు మందుని కూడా చుక్క పోకుండా తోడి, వచ్చిన 73 లక్షల చిల్లర మోతాదులతో 74 లక్షల పైచిలుకు టీకాలు వేశారు. జాడీ అడుగు గీకి నలుగురికి వడ్డించడం తెలిసిన చేతులవి. మల్కోవాల్‌లో ఒక చెయ్యి చేజార్చింది, కేరళలో కొన్ని వేల చేతులు నిలబెట్టాయి. బుడ్డిలో మందు మాత్రం ఎప్పుడూ చేతుల దయ మీదే ఆధారపడుతుంది.

కాబట్టి ఈసారి మందుల షాపులో బుడ్డి చేతికొచ్చినప్పుడు ఒక్క నిమిషం వెలుతురుకి ఎత్తి చూడండి. గాజుకి బీట ఉందా? మూత కట్టు వదులయిందా? తేటగా ఉండాల్సిన మందులో నలకలు తేలుతున్నాయా? అలా ఉంటే మొహమాటపడకుండా వెనక్కిచ్చెయ్యండి. ఒకసారికే అని రాసి ఉన్న బుడ్డిలో మిగిలిందని దాచుకోకండి. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటూంటే, బుడ్డి మొదలుపెట్టిన తారీఖు దాని మీదే రాసి పెట్టండి. చాలా రకాలకి 28 రోజులే గడువు. బుడ్డితో వచ్చే కాగితంలో సరిగ్గా ఎన్నాళ్ళో ఉంటుంది. రబ్బరు మూతని ప్రతిసారీ స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాకే సూది దించండి. నర్సమ్మ తుడుస్తూంటే "అబ్బ, తొందరగా కానివ్వమ్మా" అనకండి. ఆవిడ తుడిచే ఆ రెండు క్షణాల కోసమే 53 ఎన్ సీసా మందు పుచ్చుకున్న 19 మందీ, బండబర్గ్ పిల్లలూ తమ ప్రాణాలు ధారపోశారు. తుడవనివ్వండి.